టొయోటా హైలక్స్ ముందు ఇరుసు

టొయోటా హైలక్స్ ముందు ఇరుసు అనగా జపాన్‌కు చెందిన టొయోటా సంస్థ తన హైలక్స్ పికప్ ట్రక్కు ఫోర్ వీల్ డ్రైవ్ నమూనాలలో 1979 నుండి అమర్చిన ముందు ఇరుసు. రెండు ముందు చక్రాలనూ ఒకే ఉక్కు గొట్టం కలిపి ఉంచుతుంది కనుక దీనిని సాలిడ్ యాక్సిల్ రకపు ఇరుసు అంటారు. బరువు మోయడం, ఇంజను శక్తిని చక్రాలకు అందించడం, చక్రాలు ఇరుపక్కలకు తిరగడానికి వీలు కల్పించడం అనే మూడు పనులను ఇది ఒక్కటే చేస్తుంది. అందువలన దీనిలోని బేరింగులు, సీళ్ళు, జాయింట్లు కాలక్రమేణా అరుగుతాయి. వీటిని సకాలంలో మార్చకపోతే స్టీరింగు అదుపు తప్పవచ్చు, చక్రం ఊడిపోవచ్చు, లేదా బ్రేకు పట్టు తగ్గవచ్చు. ఈ వ్యాసంలో ఇరుసు నిర్మాణం, దాని భాగాలు అరిగే తీరు, వాటిని పరీక్షించి మార్చే పద్ధతి వివరించబడ్డాయి.

నేపథ్యం

హైలక్స్ పికప్పు ఉత్పత్తి 1968లో మొదలైంది. తొలి నమూనాలలో ఇంజను శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందేది. మూడవ తరం వాహనం 1978లో వెలువడగా, దానిలో ఫోర్ వీల్ డ్రైవ్ నమూనా 1979లో వచ్చింది. అప్పటికే టొయోటా ల్యాండ్ క్రూయిజర్ జీపులలో వాడుతున్న ఇరుసు పద్ధతినే కొంత చిన్న పరిమాణంలో ఈ వాహనానికి కూడా అమర్చారు.

ఉత్తర అమెరికాలో ఈ ఇరుసు 1985 నమూనా వరకు మాత్రమే లభించింది. 1986 నమూనా నుండి అక్కడ ముందు చక్రాలు రెండూ వేటికవే కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పద్ధతిని ప్రవేశపెట్టారు. అయితే ఆస్ట్రేలియా, ఆఫ్రికా వంటి చోట్ల అమ్మిన కొన్ని డీజిలు నమూనాలలో కమాను కట్టలతో కూడిన పాత తరహా ఇరుసు 1990లలో కూడా కొనసాగింది. గతుకుల దారులలో మన్నిక, సులువైన మరమ్మతు దీనికి పేరు తెచ్చిన గుణాలు. 1987లో చాద్, లిబియా దేశాల మధ్య జరిగిన పోరాటపు చివరి దశకు, దానిలో వాడిన హైలక్స్, ల్యాండ్ క్రూయిజర్ పికప్పుల కారణంగా, టొయోటా యుద్ధం అనే పేరు వచ్చింది.

నిర్మాణం

ఇరుసు నడుమ, ఒక పక్కకు జరిగి, డిఫరెన్షియల్ ఉంటుంది. దీనిలోని క్రౌను చక్రం వ్యాసం 8 అంగుళాలు. డిఫరెన్షియల్ ఒక పక్కకు ఉన్నందున లోపలి షాఫ్టులలో ఒకటి పొడవుగాను, మరొకటి పొట్టిగాను ఉంటాయి. గొట్టం రెండు కొసలలోను ప్రధాన భాగాలు ఈ విధంగా అమరి ఉంటాయి.

* గోళం: ఇరుసు గొట్టం చివర బోలుగా, నున్నగా ఉండే బంతి ఆకారపు భాగం. దీని పైన, కింద బేరింగు కప్పులు కూర్చునే రంధ్రాలు ఉంటాయి.
* నకిల్: గోళాన్ని బయటి నుండి కప్పి ఉంచే పోత భాగం. స్టీరింగు తిప్పినపుడు చక్రంతో పాటు తిరిగేది ఇదే. లోపలి భాగాలు బయటకు కనబడకుండా మూసి ఉంటాయి కనుక ఈ ఏర్పాటును మూసిన నకిల్ అంటారు.
* ట్రనియన్ బేరింగులు: నకిల్ పైన ఒకటి, కింద ఒకటి ఉండే కోపు ఆకారపు రోలరు బేరింగులు. నకిల్ వీటి మీదనే తిరుగుతుంది. మెకానిక్కులు వీటిని కింగ్ పిన్ బేరింగులు అని కూడా పిలుస్తారు.
* స్టీరింగు భుజం, మూత: నకిల్‌కు స్టడ్డులతో బిగించే భాగాలు. వీటికి ఉన్న పిన్నులు ట్రనియన్ బేరింగులలో కూర్చుంటాయి.
* షిమ్ములు: భుజానికి లేదా మూతకు, నకిల్‌కు మధ్య ఉంచే పలుచని ఉక్కు రేకులు. బేరింగుల మీద ఒత్తిడిని, గోళానికి సరిగ్గా మధ్యలో నకిల్ నిలిచే స్థానాన్ని ఇవే నిర్ణయిస్తాయి.
* బర్‌ఫీల్డ్ జాయింటు: చక్రం ఎంత తిరిగి ఉన్నా లోపలి షాఫ్టు వేగాన్ని మార్పు లేకుండా బయటి షాఫ్టుకు అందించే జాయింటు. గంట ఆకారపు గిన్నె, నక్షత్రం వంటి లోపలి రింగు, వాటి గాళ్ళలో దొర్లే 6 ఉక్కు గుండ్లు, గుండ్లను పట్టి ఉంచే పంజరం దీనిలోని భాగాలు. ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు 1920లలో రూపొందించిన జాయింటుకు ఇది ఒక రూపం. బర్‌ఫీల్డ్ అనేది బ్రిటన్‌కు చెందిన ఒక సంస్థ పేరు.
* లోపలి ఆయిల్ సీలు: డిఫరెన్షియల్‌లోని గేరు నూనె నకిల్‌లోకి రాకుండా ఆపుతుంది.
* తుడుపు సీళ్ళు: నకిల్ వెనుక గోళాన్ని అంటిపెట్టుకొని ఉండే ఉన్ని, రబ్బరు, లోహపు వలయాలు. చక్రం తిరిగినపుడు గోళాన్ని తుడుస్తూ, గ్రీజు బయటకు, దుమ్ము, నీరు లోపలికి పోకుండా అడ్డుకుంటాయి.
* స్పిండిలు: నకిల్‌కు బోల్టులతో బిగించే బోలు కడ్డీ. దీని లోపల బయటి షాఫ్టు, పైన చక్రపు బేరింగులు తిరుగుతాయి.
* హబ్బు: లోపలి, బయటి కోపు బేరింగుల మీద తిరిగే భాగం. బ్రేకు డిస్కు, చక్రం దీనికే బిగించి ఉంటాయి. చక్రానికి 6 నట్లు ఉంటాయి. అవి అమరిన వృత్తపు వ్యాసం 139.7 మి.మీ.
* లాకింగు హబ్బు: బయటి షాఫ్టును హబ్బుతో కలపడానికి, విడదీయడానికి ఉపయోగపడే మీట గల భాగం.

వాహనం బరువంతా స్పిండిలు, హబ్బుల మీదనే ఉంటుంది. షాఫ్టు శక్తిని అందించడానికి మాత్రమే పనికి వస్తుంది. ఈ కారణంగా జాయింటు విరిగినా చక్రం ఊడిపోదు. లాకింగు హబ్బు విడదీసి, వెనుక చక్రాలతో వాహనాన్ని ఇంటికి చేర్చవచ్చు.

భాగాలు అరిగే తీరు

ఈ ఇరుసులో మొట్టమొదట చెడిపోయేది సాధారణంగా లోపలి ఆయిల్ సీలు. అది పాడయినపుడు గేరు నూనె నకిల్‌లోకి కారి, అక్కడి గ్రీజుతో కలిసి పలుచని నల్లని జావలా మారుతుంది. చిక్కని గ్రీజును మాత్రమే ఆపగల తుడుపు సీళ్ళు ఈ జావను ఆపలేవు. అది గోళం మీదుగా కారి, చక్రం లోపలి వైపుకు, ఒక్కొక్కసారి బ్రేకు డిస్కు మీదకు చేరుతుంది. మరొక వైపు డిఫరెన్షియల్‌లో నూనె మట్టం తగ్గుతూ పోతుంది. అనగా ఒక చిన్న సీలు వలన జాయింటు, ట్రనియన్ బేరింగులు, బ్రేకు, క్రౌను పినియన్ నాలుగూ దెబ్బ తినవచ్చు.

సీలు ముందుగా చెడిపోవడానికి ఇరుసు మీద ఉండే గాలి గొట్టం పూడుకుపోవడం ఒక ముఖ్య కారణం. నడిచిన ఇరుసు వేడెక్కినపుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. గాలి గొట్టం మట్టితో మూసుకొని ఉంటే ఆ ఒత్తిడి నూనెను సీళ్ళ గుండా నెడుతుంది. అదే వేడి ఇరుసు వాగులోని చల్లని నీటిలో దిగినపుడు లోపలి గాలి సంకోచించి, సీళ్ళ గుండా నీటిని లోపలికి లాగుతుంది. నీరు చేరిన గ్రీజు బూడిద లేదా పాల రంగుకు మారుతుంది. అటువంటి గ్రీజులో బేరింగులకు త్వరగా తుప్పు పడుతుంది.

ట్రనియన్ బేరింగులు అరిగే తీరు చక్రపు బేరింగుల కంటె భిన్నమైనది. ఇవి పూర్తిగా తిరగవు. వాహనం ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది కాబట్టి, రోలర్లు కప్పులో ఒకే చోట నిలిచి, ప్రతి గతుకు దెబ్బనూ అక్కడే వేస్తాయి. కొంతకాలానికి కప్పులో సన్నని గీతల వంటి గుంటలు పడతాయి. అప్పుడు స్టీరింగు మధ్య స్థానంలో చిక్కుకున్నట్లు అనిపిస్తుంది.

బర్‌ఫీల్డ్ జాయింటులో గుండ్లు దొర్లే గాళ్ళు, పంజరపు కిటికీలు అరుగుతాయి. చక్రాలను పూర్తిగా తిప్పి ఉంచి, రాళ్ళలోనో బురదలోనో ఇంజను శక్తినంతా ప్రయోగించినపుడు గంట ఆకారపు గిన్నె పగులుతుంది. టైర్ల పరిమాణం పెంచిన వాహనాలలో ఇది మరింత ఎక్కువ.

అరుగుదల లక్షణాలు

* చక్రం వెనుక గోళం మీద తడి జావ, దాని మీద పేరుకున్న మట్టి: లోపలి ఆయిల్ సీలు చెడిపోయినది. గోళం మీద పలుచని గ్రీజు పొర మాత్రమే ఉండడం సహజమే.
* ఫోర్ వీల్ డ్రైవ్‌లో మలుపు తిరుగుతున్నపుడు టక టక శబ్దం: బర్‌ఫీల్డ్ జాయింటు అరిగినది.
* ఒక వేగం వద్ద గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ విపరీతంగా ఊగిపోవడం: ట్రనియన్ బేరింగులు, టై రాడ్ కొసలు, కమాను బుష్షులు, టైర్ల సమతూకం వీటిలో ఏదైనా కారణం కావచ్చు.
* వేగంతో పెరిగే గుర్రుమనే శబ్దం, హబ్బు వేడెక్కడం: చక్రపు బేరింగులు చెడిపోయినవి లేదా అతిగా బిగించబడినవి.
* మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను తిన్నబడకపోవడం: ట్రనియన్ బేరింగులు బిగిసి ఉన్నాయి లేదా గుంటలు పడ్డాయి.
* బ్రేకు వేయగానే వాహనం ఒక పక్కకు లాగడం: ఒక వైపు డిస్కుకు గ్రీజు అంటి ఉండవచ్చు.

పరీక్షించే పద్ధతి

వాహనాన్ని చదునైన నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు ఇరువైపుల అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో పైకెత్తి, ఇరుసు కింద స్టాండులు ఉంచాలి. జాకీ మీద మాత్రమే ఆధారపడి వాహనం కింద పని చేయరాదు.

చక్రాన్ని పైన ఒక చేతితో, కింద మరొక చేతితో పట్టుకొని లోపలికి, బయటికి ఊపి చూడాలి. ఏ కొంచెం వదులు కనబడినా అది చక్రపు బేరింగులలో గాని, ట్రనియన్ బేరింగులలో గాని ఉన్నట్లు. రెంటిలో ఏదో తేల్చడానికి సులువైన ఉపాయం ఉన్నది. మరొక వ్యక్తి బ్రేకు పెడలును గట్టిగా తొక్కి ఉంచగా చక్రాన్ని మళ్ళీ ఊపాలి. బ్రేకు కాలిపరు నకిల్‌కు బిగించి ఉంటుంది కాబట్టి, బ్రేకు వేసినపుడు హబ్బు, నకిల్ ఒకటిగా బిగుసుకుంటాయి. అప్పుడు వదులు మాయమైతే లోపం చక్రపు బేరింగులలో ఉన్నది. వదులు అలాగే ఉంటే లోపం ట్రనియన్ బేరింగులలో ఉన్నది.

తరువాత చక్రాన్ని కుడి, ఎడమ అంచుల వద్ద పట్టుకొని ఊపాలి. ఇక్కడ మాత్రమే వదులు కనబడితే టై రాడ్ కొసలను, స్టీరింగు పెట్టెను పరీక్షించాలి. చివరగా చక్రాలను ఒక కొస నుండి మరొక కొసకు నెమ్మదిగా తిప్పి, మధ్యలో ఎక్కడైనా చిక్కుతున్నదేమో గమనించాలి.

డిఫరెన్షియల్ నూనె బిరడా విప్పి మట్టం చూడడం కూడా పరీక్షలో భాగమే. మట్టం తగ్గి, బయట ఎక్కడా కారుడు లేకపోతే ఆ నూనె నకిల్‌లోనే చేరి ఉంటుంది.

ఏవి మార్చాలి, ఏవి ఉంచవచ్చు

సీలు ఒక్కటే చెడిపోయినా దానిని చేరుకోవడానికి హబ్బు, స్పిండిలు, షాఫ్టు అన్నీ విప్పవలసిందే. సీళ్ళ ఖరీదు స్వల్పం, శ్రమ ఎక్కువ. అందుచేత ఒకసారి విప్పినపుడు రెండు వైపుల ఆయిల్ సీళ్ళు, తుడుపు సీళ్ళు, కాగితపు గాస్కెట్లు, లాకు వాషర్లు అన్నిటినీ కొత్తవి వేయడం ఆనవాయితీ. సీళ్ళు, గాస్కెట్లు, బేరింగులు కలిపిన కిట్లు కూడా బజారులో దొరుకుతాయి.

బేరింగు రోలర్ల మీద గాని, కప్పులో గాని గుంటలు, నీలి రంగు, తుప్పు మచ్చలు, పొరలు లేచిన గుర్తులు ఉంటే దానిని మార్చాలి. బేరింగును, దాని కప్పును ఎల్లప్పుడూ జతగానే మార్చాలి. పాత కప్పులో కొత్త బేరింగు వేస్తే అది త్వరలోనే చెడిపోతుంది.

జాయింటు గిన్నెలో సన్నని పగులు ఉన్నా దానిని తిరిగి వాడరాదు. గాళ్ళలో స్వల్ప అరుగుదల మాత్రమే ఉంటే, కుడి ఎడమల జాయింటులను ఒకదాని స్థానంలో మరొకటి మార్చి అమర్చే అలవాటు ఉన్నది. ముందుకు నడిచేటపుడు గుండ్లు గాడి ఒక పక్కనే ఒత్తుతాయి. వైపు మార్చినపుడు అరగని రెండవ పక్క మీద బరువు పడుతుంది. దీనితో జాయింటు మరికొంత కాలం పనిచేస్తుందే తప్ప కొత్తది కాదు.

కావలసిన పనిముట్లు

సాధారణ పానాలు, సాకెట్లు కాక ఈ పనికి ప్రత్యేకంగా కావలసినవి: చక్రపు బేరింగు నట్టుకు 54 మి.మీ. సాకెట్టు, సర్క్లిప్పు పట్టకారు, ఇత్తడి కడ్డీ, ఇత్తడి లేదా రాగి సుత్తి, టై రాడ్ కొసను విడదీసే పుల్లరు, టార్క్ పానా, చిన్న కాటా లేదా స్ప్రింగు త్రాసు. మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు, 80డబ్ల్యు-90 రకపు గేరు నూనె, కిరోసిన్, విడిపోని గుడ్డలు సిద్ధంగా ఉంచుకోవాలి.

విప్పే క్రమం

1. డిఫరెన్షియల్ నూనెను కింది బిరడా ద్వారా ఒంపివేయాలి. లేనిచో షాఫ్టు బయటకు తీయగానే నూనె గొట్టం గుండా కారుతుంది.
2. చక్రం తీసి, బ్రేకు కాలిపరును విప్పి, తీగతో కమానుకు వేలాడదీయాలి. రబ్బరు గొట్టం మీద దాని బరువు పడరాదు.
3. లాకింగు హబ్బు మీటను విడుదల స్థానంలో ఉంచి, పై మూత తీసి, షాఫ్టు కొసన ఉన్న సర్క్లిప్పును తొలగించాలి. తరువాత 6 నట్లు విప్పాలి. స్టడ్డుల చుట్టూ ఉండే కోపు వాషర్లు గట్టిగా పట్టుకొని ఉంటాయి. పక్కన లోహం మీద ఇత్తడి సుత్తితో కొడితే అవి ఎగిరి వస్తాయి. స్టడ్డు మరల మీద నేరుగా కొట్టరాదు.
4. లాకు వాషరు రెక్కలను వెనుకకు వంచి, బయటి నట్టు, వాషరు, లోపలి నట్టు తీయాలి. హబ్బును లాగినపుడు బయటి బేరింగు జారి పడకుండా చేయి అడ్డు పెట్టాలి.
5. స్పిండిలు బోల్టులు విప్పి, స్పిండిలును మెల్లగా తట్టి వేరు చేయాలి. బ్రేకు వెనుక ఉండే దుమ్ము రేకు కూడా దానితో వస్తుంది.
6. షాఫ్టును, జాయింటును కలిపి తిన్నగా బయటకు లాగాలి.
7. నకిల్ వెనుక తుడుపు సీళ్ళను పట్టి ఉంచే అర్ధవలయాల బోల్టులు విప్పాలి. సీళ్ళు ఉన్న వరుసను రాసుకోవాలి.
8. టై రాడ్ కొసను విడదీసి, స్టీరింగు భుజం, మూత నట్లు విప్పాలి. వాటి కింద ఉన్న షిమ్ములను పైవి, కిందివి, కుడివి, ఎడమవి కలవకుండా వేరు వేరు సంచులలో గుర్తు రాసి ఉంచాలి.
9. నకిల్‌ను తీసి, ట్రనియన్ బేరింగులను బయటకు తీయాలి. ఇవి ఏ కప్పులోవి ఆ కప్పుకే చెందుతాయి కనుక పాతవే వాడదలిస్తే వీటికి కూడా గుర్తులు పెట్టాలి.

శుభ్రపరచడం, పరిశీలన

పాత గ్రీజును ముందుగా చేతితో, గుడ్డతో తీసివేసి, తరువాత కిరోసిన్‌తో కడగాలి. బ్రేకు దుమ్మును గాలితో ఊదరాదు. పాత బ్రేకు ప్యాడులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున దానిని తడిగుడ్డతో తుడవాలి.

గోళపు ఉపరితలం మీద తుప్పు గుంటలు, లోతైన గీతలు ఉంటే కొత్త తుడుపు సీళ్ళు కూడా త్వరగా కోసుకుపోతాయి. సన్నని ఎమరీ కాగితంతో దానిని నున్నగా చేయాలి. షాఫ్టు మీద ఆయిల్ సీలు తాకే చోట వేలి గోటికి తగిలే గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుడు ఆగదు. స్పిండిలు లోపలి కంచు బుష్షు వదులైతే బయటి షాఫ్టు ఊగుతుంది కనుక దానిని కూడా మార్చాలి.

జాయింటును షాఫ్టు నుండి వేరు చేయడానికి షాఫ్టును మెత్తని దవడల వైస్‌లో బిగించి, లోపలి నక్షత్రం మీద ఇత్తడి కడ్డీ ఉంచి ఒక్క గట్టి దెబ్బ వేస్తారు. గుండ్లను ఒక్కొక్కటిగా తీసి, గాళ్ళను, పంజరాన్ని వెలుతురులో పరిశీలించాలి.

తిరిగి బిగించడం

కొత్త కప్పులను ఇత్తడి కడ్డీతో చుట్టూ సమానంగా తడుతూ, శబ్దం గట్టిగా మారేవరకు అడుగుకు దించాలి. లోపలి ఆయిల్ సీలును వంకర లేకుండా కూర్చోబెట్టి, దాని పెదవికి గ్రీజు రాయాలి. తుడుపు సీళ్ళను నకిల్ ఎక్కించకముందే గోళం మీదుగా ఇరుసు గొట్టానికి తొడగాలి. ఇది మరిస్తే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

నకిల్ అమర్చి, షిమ్ములను పాత స్థానాలలోనే ఉంచి, భుజాన్ని, మూతను తయారీదారు చెప్పిన టార్కుకు బిగించాలి. అప్పుడు షాఫ్టు, సీళ్ళు, టై రాడ్ ఏదీ తగలకుండా, భుజం కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగాలి. నకిల్ కదలడం మొదలయ్యే బలం ఆ నమూనా మరమ్మతు పుస్తకంలో ఇచ్చిన హద్దుల మధ్య ఉండాలి. బలం తక్కువైతే షిమ్ము మందాన్ని తగ్గించాలి, ఎక్కువైతే పెంచాలి. పైన, కింద సమానంగా మార్చకపోతే నకిల్ గోళానికి మధ్యలో నిలవదు. అప్పుడు జాయింటు, స్పిండిలు ఒకే రేఖలో ఉండక బుష్షు ఒక పక్కనే అరుగుతుంది. కొత్త గోళం, కొత్త నకిల్ వేసినపుడు ఈ మధ్యస్థానాన్ని ప్రత్యేక పరికరంతో కొలిచి షిమ్ములను నిర్ణయిస్తారు.

జాయింటులోకి గ్రీజును ఒక వైపు నుండి నొక్కుతూ, మరొక వైపు నుండి వెలువడే వరకు నింపాలి. షాఫ్టును దాని కంఠపు వలయంతో కలిపి జాయింటులోకి కొట్టి, లాగి చూసి, ఊడిరాదని నిర్ధారించుకోవాలి. షాఫ్టును ఇరుసులోకి ఎక్కించేటపుడు చేతితో పైకి ఎత్తి పట్టుకోవాలి. షాఫ్టు బరువు కొత్త సీలు మీద ఈడ్చుకుంటూ పోతే ఆ క్షణంలోనే సీలు పెదవి చిరుగుతుంది. నకిల్ లోపలి ఖాళీలో సుమారు ముప్పాతిక వంతు గ్రీజు నింపాలి. పూర్తిగా నింపితే వేడికి వ్యాకోచించే చోటు ఉండదు.

చక్రపు బేరింగుల రోలర్ల మధ్యకు గ్రీజును అరచేతితో అదిమి నింపాలి. హబ్బును స్పిండిలు మీద ఎక్కించి, లోపలి నట్టును బిగిస్తూ హబ్బును ఇరువైపులా పలుమార్లు తిప్పాలి. దీనివలన రోలర్లు తమ స్థానంలో కూర్చుంటాయి. తరువాత నట్టును వదులు చేసి, మళ్ళీ స్వల్పంగా మాత్రమే బిగించి, త్రాసుతో తిరిగే బలాన్ని సరిచూడాలి. హబ్బులో ఊగు ఉండరాదు, తిరగడానికి శ్రమ ఉండరాదు. లాకు వాషరు వేసి, బయటి నట్టును బిగించి, ఒక రెక్కను లోపలి నట్టు మీదకు, మరొక రెక్కను బయటి నట్టు మీదకు వంచాలి. బయటి నట్టు బిగించాక లోపలి బిగువు కొంత మారుతుంది కనుక త్రాసుతో మరొకసారి కొలవడం అవసరం.

చివరిగా డిఫరెన్షియల్‌లో కొత్త నూనె పోసి, గాలి గొట్టాన్ని శుభ్రం చేసి, బ్రేకు పెడలును గట్టిపడేవరకు తొక్కి, అప్పుడే వాహనాన్ని కదిలించాలి.

తరచు జరిగే పొరపాట్లు

* 54 మి.మీ. సాకెట్టు లేక బేరింగు నట్టును ఉలి, సుత్తితో తిప్పడం. దీనివలన నట్టు అంచులు చెడి, సరైన బిగువు తెలియదు. రాలిన లోహపు ముక్కలు బేరింగులో చేరతాయి.
* లాకు వాషరును పాతదే వాడడం. పలుమార్లు వంచిన రెక్క విరిగితే నట్టు దానంతట అదే వదులవుతుంది లేదా బిగుసుకుంటుంది. రెండు సందర్భాలలోను చక్రం ప్రమాదంలో పడుతుంది.
* స్టీరింగు భుజపు స్టడ్డులకు నూనె, గ్రీజు అంటిన మరలలోనే నట్లు బిగించడం, కోపు వాషర్లు సరిగా కూర్చోకపోవడం. వాహనం నడిచే కొద్దీ నట్లు వదులై, భుజం కదలి, స్టడ్డులు ఒక్కొక్కటిగా తెగుతాయి. అన్నీ తెగితే స్టీరింగు పూర్తిగా పనిచేయదు. ఈ ఇరుసుకు సంబంధించి అత్యంత ప్రమాదకరమైన లోపం ఇదే.
* ఒక వైపు మాత్రమే బాగుచేసి వదిలివేయడం. రెండు వైపులా ఒకే దూరం నడిచినవే కనుక రెండవది కూడా త్వరలో చెడిపోతుంది.
* గాలి గొట్టాన్ని చూడకపోవడం. అది పూడుకొని ఉంటే కొత్త సీళ్ళు కూడా పాతవాటి దారినే పడతాయి.

నిర్వహణ

మరమ్మతు తరువాత మొదటి 15, 20 కిలోమీటర్లు నడిపి ఆపి, రెండు హబ్బులను చేతితో తాకి చూడాలి. ఒకటి రెండవ దాని కంటె బాగా వేడిగా ఉంటే బేరింగు అతిగా బిగిసినదని గాని, బ్రేకు పట్టుకొని ఉన్నదని గాని అర్థం. సుమారు 1,000 కిలోమీటర్ల తరువాత స్టీరింగు భుజపు నట్లను టార్క్ పానాతో తిరిగి పరీక్షించాలి.

నకిల్ మీద చదరపు తల గల బిరడా ద్వారా అప్పుడప్పుడు గ్రీజు నింపవచ్చు. అయితే జావ కారుతున్న నకిల్‌లో గ్రీజు నింపడం మరమ్మతు కాదు. లోతైన నీటిలో నడిపిన వాహనం డిఫరెన్షియల్ నూనెను ఆ వెంటనే పరీక్షించాలి. నూనె పాల రంగులో ఉంటే మార్చాలి.

లాకింగు హబ్బులు విడుదల స్థానంలో ఉన్నపుడు షాఫ్టులు, జాయింటులు తిరగవు. నెలల తరబడి అలాగే ఉంచితే గ్రీజు అడుగుకు చేరి, పై ట్రనియన్ బేరింగు పొడిబారుతుంది. అందువలన ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం లేకపోయినా నెలకొకసారి హబ్బులను కలిపి కొన్ని కిలోమీటర్లు తిన్నగా నడపడం మంచిది.

ఇతర ఇరుసులతో పోలిక

అమెరికాలో తయారైన పెద్ద పికప్పులలో ఎక్కువగా కనబడే డానా 44, డానా 60 ఇరుసులలో నకిల్ తెరచి ఉంటుంది. వాటిలో గుండ్ల జాయింటుకు బదులు శిలువ ఆకారపు యూనివర్సల్ జాయింటు, ట్రనియన్ బేరింగులకు బదులు చాలా నమూనాలలో బాల్ జాయింట్లు ఉంటాయి. తెరచిన నకిల్‌లో లోపం బయటకు కనబడుతుంది, భాగాలను మార్చడం సులువు. మూసిన నకిల్‌లో జాయింటుకు దుమ్ము నుండి రక్షణ ఎక్కువ, కాని సీలు చెడితే అన్ని భాగాలూ కలిసి చెడతాయి.

ఇంజను శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందే సరకు వాహనాలలో ముందు ఇరుసు ఒక ఉక్కు దూలం మాత్రమే. వాటిలో షాఫ్టు, జాయింటు, ఆయిల్ సీలు ఉండవు. అరిగేవి కింగ్ పిన్ను, దాని బుష్షులు, చక్రపు బేరింగులు.

భారతదేశంలో

హైలక్స్ భారతదేశంలో 2022లో విడుదలయింది. ఈ నమూనాలో ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నందున పైన వివరించిన ఇరుసు దీనిలో లేదు. అయితే ఇదే తరహా మూసిన నకిల్, ట్రనియన్ బేరింగులు, గుండ్ల జాయింటు గల ఇరుసు భారతీయ మెకానిక్కులకు కొత్త కాదు. 1985లో మొదలై 2019 వరకు తయారైన మారుతి జిప్సీలో ముందు ఇరుసు ఈ పద్ధతిలోనే ఉంటుంది. విల్లీస్ నమూనా ఆధారంగా మహీంద్రా సంస్థ తయారు చేసిన పాత జీపులలో కూడా మూసిన నకిల్ కనబడుతుంది. కొలతలు, షిమ్ముల మందం, బిగించే టార్కు వేరు వేరుగా ఉన్నా, పరీక్షించే విధానం, విప్పే క్రమం, సీళ్ళ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వాహనాలన్నిటికీ దాదాపు ఒకటే.

ఇవి కూడా చూడండి

* టొయోటా
* పికప్ ట్రక్కు
* డిఫరెన్షియల్
* బేరింగు
* మారుతి జిప్సీ
* జీపు